ఉత్త గోలీలు

నా చిన్నప్పుడు మా తండాలో యాటను, అంటే మేకనో గొర్రెనో, కోసిన రోజున ఏ పోగు ఎవరిదో తేల్చే పెద్దరికం పిల్లలది. మాంసాన్ని ఇంటికొక పోగు చొప్పున మోదుగాకుల మీద పెట్టేవారు. ఒక పిల్లను వాటికి వీపు తిప్పి నిలబెట్టేవారు. వెనక నుంచి ఒకరు ఏదో ఒక పోగు మీద వేలు పెట్టి "ఇది ఎవలది?" అని అడిగేవారు. ఆ పిల్ల చూడకుండానే తోచిన ఇంటి పేరు చెప్పేది. బొక్కలు వచ్చినా, మెత్తటి కార్జం వచ్చినా ఆ ఇంటివాళ్లు కిక్కురుమనకుండా తీసుకుపోవాలి. నేను తడుముకోకుండా గట్టిగా పేర్లు చెబుతానని మా నాయక్ తాత, అంటే తండా పెద్ద, తరచుగా నన్నే నిలబెట్టేవాడు. అది నాకు గొప్పగా ఉండేది.

మా తండా టేకులపల్లి దాటాక అడవిలోకి పోయే దారిలో ఉంటుంది. నాన్న అడవిలో వెదురు నరికే కూపుల్లో పనికి పోయేవాడు. అమ్మ ఇంటి పని, చేను పని, మా తమ్ముడి పని చూసుకునేది. తమ్ముడి పని అని వేరుగా ఎందుకు అంటున్నానంటే, వాడికి నొప్పులు లేచిన రోజున ఇంట్లో ఇంకే పనీ సాగేది కాదు. చలిగాలి తగిలినా, వానకు తడిసినా, ఎండలో నీళ్లు తాగకుండా తిరిగినా వాడి చేతులు, కాళ్లు ఉబ్బేవి. కళ్లు పచ్చబడేవి. ఎముకలు విరుస్తున్నట్టు అరిచేవాడు. గాలి సోకిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు చెప్పేవారు. అమ్మ అందరూ చెప్పిందల్లా చేసేది.

ఆ జబ్బు సికిల్ సెల్ అని ఇప్పుడు మా వైపు చాలామందికి తెలుసు. నేను ఐదో తరగతితో బడి మానేసిన మనిషిని. అయినా దీని గురించి గ్రంథాలయంలో దొరికిన ప్రతి పుస్తకాన్నీ, ప్రతి పత్రికనూ చదివాను. అర్థం కానివి మళ్లీ చదివాను. మామూలు ఎర్ర రక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. ఈ జబ్బులో అది కొడవలిలా వంగి, బిరుసెక్కి, సన్నని నాళాల్లో ఇరుక్కుపోతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ జన్యువు వస్తేనే బిడ్డకు జబ్బు. ఒక్కటే వస్తే మనిషి మామూలుగానే ఉంటాడు గానీ, తన పిల్లలకు దాన్ని అందించగలడు. ఈ మాటలు ఇవాళ నేను ఏ కాలేజీ పిల్లవాడికైనా విడమరిచి చెప్పగలను. ఆ రోజుల్లో మాకు చెప్పడానికి వచ్చింది ఒక్కరే, హైదరాబాద్ నుంచి జీపులో వచ్చే డాక్టరమ్మ.

ఆమె పెద్ద దవాఖానాలో వైద్యం చేసేది. అక్కడే ప్రయోగశాలలో ఈ జబ్బుకు మందు కోసం వెతికేది. అంతకుముందు వచ్చి పిల్లల నెత్తురు తీసుకుపోయినప్పుడు, అమ్ముకోవడానికేమోనని మావాళ్లు గుసగుసలాడుకున్నారు. అయినా మా తమ్ముడిని ఒళ్లో పెట్టుకుని వాడి వాచిన వేళ్లను మెల్లగా రాసేది కాబట్టి, అమ్మకు ఆమె అంటే ఇష్టమే.

ఆ ఏడు తొలి వానలప్పుడు, తండా దేవతకు చేసే సీత్లా పండుగ నాడు జీపు వచ్చింది. అప్పుడే పోగులు పంచుకుంటున్నాం. ఆమె ఒక పక్కన కూర్చుని అంతా చూసింది. పంపకం అయ్యాక, జబ్బు ఉన్న పిల్లల తల్లిదండ్రులను ఉండమని చెప్పి మాట్లాడింది.

"కొత్త గోలీ తెచ్చిన. నొప్పులు తగ్గిస్తదని నా ఆశ. తగ్గిస్తదో లేదో నాకు తెల్వదు. సగం సీసలల్ల మందున్న గోలీలు, సగం సీసలల్ల మందు లేని ఉత్త గోలీలు ఉన్నయి. చూడనీకి రెండూ ఒక్క తీరే. ఏ నంబరు సీసల ఏమున్నదో హైదరాబాద్‌ల నా తోటి డాక్టరుకు ఎర్క. నాకు గూడ తెల్వదు."

నాయక్ తాత చుట్ట తీసి పక్కన పెట్టాడు. "డాక్టరువు నీకే తెల్వకుంటే మేం ఎవల్ని అడగాలె బిడ్డా?"

"ఉత్త గోలీలు ఎందుకు? పిండి ముద్ద మింగనీకి నా కొడుకే దొరికిండా?" అని అమ్మ గయ్యిమంది.

డాక్టరమ్మకు కోపం రాలేదు. తాత వైపు తిరిగి, "పోగులు పెట్టినాయన్నే ఎవలది ఏదో చెప్పుమంటే ఏమైతది?" అని అడిగింది.

"ఏమైతది, కార్జమంత ఆయన బామ్మర్ది ఇంటికి పోతది."

పోగులు పెట్టినాయన బామ్మర్ది అక్కడే కూర్చుని ఉన్నాడు. అందరూ అతన్ని చూసి నవ్వారు.

"నాగ్గూడ గంతే," అంది ఆమె. "ఏ సీసల మందుందో నాకు తెలిస్తే, బాగ ఏడ్చే పిలగాని చేతుల పెడ్త. వాణ్ని ఎక్కువ చూసుకుంట. ఆఖరుకు వాడు మందుతోని బాగైండా, నా ప్రేమతోని, పావురంతోని బాగైండా? ఎట్ల తెలుస్తది? ఇష్టం లేనోళ్లు తీస్కోకున్రి. నొప్పొస్తే, జ్వరమొస్తే ఎప్పటి లెక్కనే అందరికీ చూస్త."

తాతకు ఆ మాట నచ్చింది. సీసాలను చాప మీద వరుసగా పెట్టించి, నన్ను వీపు తిప్పి నిలబెట్టాడు. ఈసారి నేను చెప్పాల్సింది ఇళ్ల పేర్లు కాదు, పిల్లల పేర్లు. మొదటి ఒకటి రెండు సీసాలు సాఫీగా పోయాయి. తర్వాతి సీసా మీద వేలు పడగానే మా అమ్మ దగ్గింది. పోగుల దగ్గర ఆ దగ్గుకు అర్థం మా తండాలో నడక వచ్చిన ప్రతి పిల్లకూ తెలుసు. మంచి పోగు వచ్చింది, మన పేరు చెప్పు అని. నేను వెంటనే తమ్ముడి పేరు చెప్పేశాను.

తండా అంతా గొల్లుమంది. "ఏందే, నీ దగ్గు గుట్ట మీది దేవతకు గూడ వినవడ్డది!" అని పక్కింటి పెద్దమ్మ ఎత్తిపొడిచింది. ఆ సీసా మూత కొత్తగా మెరుస్తుండడం చూసి అమ్మ ఆశపడిందట. సంగతి చెప్పగానే డాక్టరమ్మ కూడా కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక సీసాలన్నీ కలిపేసింది. "నువ్వు జర జీపు కాడ కూసో అక్కా" అని అమ్మను పంపించి, మళ్లీ మొదటి నుంచి పేర్లు చెప్పించింది. అలా నా నోటి మాటతో తమ్ముడికి ఒక సీసా వచ్చింది. పక్కింటి అక్కకు, అంటే ఆ పెద్దమ్మ బిడ్డకు కూడా అదే జబ్బు. ఆమెకు ఇంకొక సీసా వచ్చింది.

ఆ ఏడాది తమ్ముడు మారిపోయాడు. చలికాలం వచ్చి పోయినా వాడి కాళ్లు వాచలేదు. మేకల వెనక పరుగెత్తేవాడు. ఈత రాకపోయినా వాగులో దూకి తన్నులు తినేవాడు. వాడిని కొట్టగలుగుతున్నందుకు అమ్మకు ఎంత సంతోషమో! గోలీల సీసాను దేవుడి గూట్లో పెట్టింది. పక్కింటి అక్క మాత్రం మంచం దిగడం లేదు. బోరింగు కాడ ఎదురైతే పక్కింటి పెద్దమ్మ నా బిందె పక్కకు తోసి, "మీ తమ్మునికి మందు, నా బిడ్డకు మన్ను! నీ నోట్లనే ఉన్నదే అంతా" అనేది. నాకు ఏడుపు వచ్చేది. ఇంటికి పోతే అమ్మ నా తల నిమిరి, బంగారు నోరు అని మెచ్చుకునేది. ఏది నమ్మాలో తెలియని వయసు.

మళ్లీ వానలు మొదలయ్యాక డాక్టరమ్మ వచ్చింది. ఆమెకు ఇవ్వాలని అమ్మ ఒక కోడిని గుంజకు కట్టి ఉంచింది. మంచం వాలిస్తే ఆమె దాని మీద కూర్చోలేదు. అందరితో పాటు చాప మీద కూర్చుని, ముందుమాట ఏమీ లేకుండా చెప్పేసింది.

"నా మందు పని చెయ్యలే. అన్ని తండాలల్ల కలిపి చూస్తే, మందు మింగినోళ్లకు, ఉత్త గోలీలు మింగినోళ్లకు నొప్పులు ఒక్క తీర్గనే వచ్చినయి."

"మరి నా కొడుకు?" అంది అమ్మ.

"నీ కొడుకువి ఉత్త గోలీలక్కా. వాటిల మందు లేదు. గీ జబ్బు గట్లనే ఉంటది. ఒక ఏడు కుదుటవడ్తది, ఇంకో ఏడు సతాయిస్తది."

పక్కింటి అక్క మింగినవే మందు ఉన్న గోలీలని అప్పుడు తెలిసింది. పెద్దమ్మ నోరు తెరిచి నా వైపు చూసింది.  అమ్మ అప్పుడు అన్న మాట నేను జన్మలో మరిచిపోలేను.

"మంచిది. గట్లయితే నాకు గా ఉత్త గోలీలే ఇయ్యి. నా కొడుక్కు అవే పడ్డయి."

"మాగ్గూడ అవే ఇయ్యమ్మా" అని పెద్దమ్మ చేయి చాపింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. జీపులో ఆ గోలీలు ఉన్నాయని అందరికీ తెలుసు. ఇస్తే తండా అంతా ఆమెను దేవతలా మొక్కేది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నీ సొమ్మేం పోతది?" అని అమ్మ అరిచింది.

"నా సొమ్మేం పోదక్కా. జ్వరమొచ్చిన నాడు నువ్వు గా గోలీ ఏసి, ఇంట్ల ధైర్యంగ కూసుంటవు. పిలగాడు పోతడు. గోలీ వద్దు. నీళ్లు బాగ తాపు, చలికి తిరగనియ్యకు. ఒళ్లు కాలితే మాత్రం ఒక్క ఝాము ఆగకు, దవాఖానాకు తీస్కపో."

అమ్మ లేచి, కోడిని విప్పి చంకన పెట్టుకుని ఇంట్లోకి పోయింది.

నేను జీపు వరకూ వెంటపడి వెళ్లాను. అక్కడ ఎవరూ లేరనుకుని ఆమె టైరును కాలితో గట్టిగా తన్నింది. పెద్దవాళ్లు, అందులో చదువుకున్నవాళ్లు, అలా చేస్తారని నాకు తెలియదు. నన్ను చూసి సర్దుకుంది. పని చేసిందని చెబితే అమ్మ సంతోషపడేది కదా అని అడిగాను.

"నాగ్గూడ చెప్పాలనే ఉండె బిడ్డా. ఎన్ని ఏండ్లు పెట్టిన దాని మీద! కానీ పని చేసిందంటే, ఇగ అందరూ గీ గోలీలే మింగుకుంట ఉంటరు. అసలు మందు ఎవలు ఎతుకుతరు?" అంది. జీపు తలుపు తీస్తూ, "నీ నోట్ల ఏం లేదు. నువ్వు ఎవల పేరు చెప్పినా గంతే అయితుండె" అంది. ఓదార్చడానికే అంది. నాకు ఓదార్పుగా అనిపించలేదు. మా తమ్ముడిని బాగుచేసింది నేనేనని అప్పటిదాకా నమ్ముకున్నాను మరి.

ఆ చలికాలం తమ్ముడికి జ్వరం వచ్చింది. అమ్మ వాడిని భుజాన వేసుకుని, వెదురు లారీ ఆపించి కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోయింది. దారి పొడుగునా డాక్టరమ్మను తిడుతూనే ఉంది. తిడుతూనే ఆమె చెప్పినట్టు చేసింది. వాడు బతికాడు. ఇంకా కొన్నేళ్లు బతికాడు. మీసాలు వస్తున్న వయసులో ఒక నొప్పి వాడి ఛాతీలో లేచింది. దవాఖానాకు చేరినా వాడు దక్కలేదు. అప్పటికి మా దాకా మందు అంటూ ఏదీ రాలేదు.

డాక్టరమ్మను నేను మళ్లీ చూడలేదు. గ్రంథాలయానికి వెళ్లడం అలవాటయ్యాక పేపర్లలో ఆమె పేరు అప్పుడప్పుడు కనబడింది. మొదటి గోలీ తర్వాత ఇంకొకటి ప్రయత్నించింది, అదీ పని చేయక పోయింది. ఆ తర్వాతదీ పోయింది. చివరికి వేరే జబ్బుకు వాడుతున్న ఒక మందు ఈ నొప్పులను తగ్గిస్తుందని వేరే దేశాల్లో తేలితే, అది మన పిల్లలకు ఎంత ఇవ్వాలో చూసినవాళ్లలో ఆమె కూడా ఉంది. జుట్టు నెరిసిన ఫోటో వేసి ఆ సంగతి గొప్పగా రాశారు. అందులో పని చేయని గోలీల గురించి ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్లు మండింది. ఆమె జీవితంలో ఎక్కువ భాగం వాటితోనే గడిచింది. ఇది కాదు, ఇదీ కాదు అని ఒకరు నిలబడి చెప్పకపోతే, అసలైనదాన్ని గుర్తుపట్టేదెవరు?

నాకు ఒళ్లు మండే సంగతులు ఇంకా ఉన్నాయి. మా కొడుకు పెళ్లికి ముందు పిల్లకూ, పిల్లవాడికీ రక్తపరీక్ష చేయించమని మొత్తుకున్నాను. "పిల్లను చూస్తరా, నెత్తురు చూస్తరా వదినా?" అని వియ్యపురాలు వెక్కిరించింది. నా కొడుకు కూడా నవ్వాడు. ఇప్పుడు మా మనవరాలికి అదే జబ్బు. మందు ఉంది. రోజూ వేసుకోవాలి, మధ్యమధ్య రక్తం చూపించుకోవాలి. తీరా వెళ్తే ఒక్కోసారి స్టాక్ లేదంటారు, వచ్చే వారం రమ్మంటారు. చెడిన జన్యువునే సరిచేసే వైద్యం ఇంకెక్కడో వచ్చిందని ఆ మధ్య చదివాను. సంతోషించాలో, ఆ పేపరు విసిరికొట్టాలో తెలియలేదు. అది టేకులపల్లి దాకా ఎప్పుడు వస్తుందో అందులో రాయలేదు. ఈలోగా కోడలి అన్న సత్తుపల్లి వైపు నుంచి ఒక పొడి తెచ్చాడు. దాంతో ఎవరో పిల్లవాడికి పూర్తిగా నయమైందట. పొడి తినని పిల్లలు ఎట్లున్నరు అని అడిగాను. నాకు చదువు ఎక్కువై మతి పోయిందన్నాడు.

మొన్న నొప్పి తగ్గి దవాఖానా నుంచి ఇంటికి వచ్చాక మనవరాలు అడిగింది. "నానమ్మా, గీ గోలీలు ఏసుకుంటే నాకు మొత్తం పోతదా?"

దాని వెనక నిలబడి, అవునని చెప్పమని కోడలు సైగ చేస్తోంది. చెప్పడం ఎంత తేలికో! నాలుక చివరి దాకా వచ్చింది.

"పోదు బిడ్డా. నొప్పి తక్కువసార్లు వస్తది. గంతే."

"గంత దానికి ఎందుకు ఏసుకోవాలె?"

"గంత దానికే ఏసుకోవాలె."

అది గోలీని మంచం కిందికి విసిరేసింది. కోడలు నన్ను కొరకొరా చూసి వంటింట్లోకి పోయింది. నేను వంగి గోలీ వెతికి, పారేసి, ఇంకొకటి తీసి నీళ్ల చెంబుతో దాని పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి, నాతో మాట్లాడకుండానే వేసుకుంది.

మందు గురించి ఎవరు అడిగినా నాకు తెలిసినంతే చెబుతాను, తెలియంది తెలియదంటాను. టైరును తన్నిన ఆ డాక్టరమ్మ దగ్గర నేను నేర్చుకున్నది ఇంతే. దీనివల్ల ఇంట్లో నాకు మంచి పేరు రాలేదు. కోడలు అలుగుతుంది, కొడుకు విసుక్కుంటాడు, మనవరాలు నెలకొకసారైనా నాతో మాటలు మానేస్తుంది. కానీ రాత్రిపూట ఒంట్లో జ్వరం మొదలైతే ఆ పిల్ల తల్లిని లేపదు, తండ్రిని లేపదు. నా దగ్గరికి వచ్చి, నా చేయి తీసి తన నుదుటి మీద పెట్టుకుంటుంది.