మట్టిలోంచి తీసిన మైనపు దిమ్మతో విజయనగరం దాకా

ఈ ప్రయాణానికి కారణం నా తప్పే. రెండేళ్ల కిందట శ్రీకాకుళంలో మా చెల్లెలు సుగుణకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగింది. తీసిన గడ్డలో చిన్న ముక్కను ల్యాబువాళ్లు మైనంలో పొదిగి, అగ్గిపెట్టెలో సగమంత దిమ్మగా దాస్తారు. మా సంఘానికి పాస్టరునైన నేను సంతకం పెట్టి దాన్ని తెచ్చేసుకున్నాను. చనిపోయినవాళ్లను లేపే కడబూర మోగిన రోజున దేహం కొరత లేకుండా లేవాలి, మన ఆడబిడ్డ ఒంటి ముక్క ఎవరి బీరువాలోనో ఎందుకుండాలి అని ప్రార్థన కూటంలో గొంతు చించుకుని చెప్పాను. ఆమదాలవలసలో మా సంఘం సమాధుల తోటలో, అమ్మ సమాధి పక్కన, రేకు డబ్బాలో పెట్టి ప్రార్థన చేసి పాతాను. సుగుణను మాత్రం అడగలేదు.

ఈ ఏడు జబ్బు ఆమె కాలేయంలో తేలింది. విజయనగరంలో ఆమెను చూస్తున్న డాక్టరమ్మ ఒక పరిశోధన కోసం పాత దిమ్మలు సేకరిస్తున్నారు. ఒంట్లో ప్రతి కణం దగ్గరా ఉన్నది ఒకే గ్రంథమట, ఏ కణం ఏ పుటలు తెరిచి చదువుతోందన్నదే తేడా అట. గడ్డలో ఏ జన్యువులు గట్టిగా పలుకుతున్నాయో, ఏవి నోరు మూసుకున్నాయో ఒకేసారి చూసి, జబ్బు తిరగబెట్టినవాళ్ల గడ్డల్నీ తిరగబెట్టనివాళ్ల గడ్డల్నీ పోల్చుతారు. ఎవరికి కీమో తప్పదో, ఎవరికి అక్కర్లేదో ముందే చెప్పగలగాలన్నది వాళ్ల ఆశ. దీనివల్ల సుగుణ వైద్యం మారదని కూడా దాచకుండా చెప్పారు. అయినా సుగుణ వెంటనే ఒప్పుకుంది. దిమ్మ ఇంకా ల్యాబులోనే ఉందనుకుంది. నేనే తెస్తానన్నాను గానీ, పాతిన సంగతి చెప్పలేదు.

మంగళవారం తెల్లవారి ఐదున్నరకే గునపం పట్టుకుని తోటకు వెళ్లాను. కాపలా కాసే అప్పన్న తాత వేపపుల్ల నములుతూ నా తవ్వకాన్ని కాసేపు చూశాడు.

"అయ్యగారూ, బూర ఊదేదాకా దీన్ని ఎవులూ ముట్టొద్దని నువ్వే సెప్పినావు. ఊదేసినారేటి?"

ఎక్కడెక్కడి బైబిలు వాక్యాలో నాలుక చివర ఉండే నేను తలొంచుకుని తవ్వాను. తుప్పు పట్టిన డబ్బా మూత తీయడానికి ధైర్యం చాలక, దాన్ని తువ్వాలులో చుట్టుకుని షేర్ ఆటో ఎక్కాను. స్టేషనుకు ఇరవై రూపాయలు. ఏడు దాటాక వచ్చే పాసింజరుకు ముప్పై లోపే టికెట్టు, గంటన్నర ప్రయాణం. బియ్యం సంచుల వ్యాపారులతో పెట్టె నిండిపోతుంది కాబట్టి అరగంట ముందే వెళ్లాలి. పొందూరు, చీపురుపల్లి దాటేదాకా ఒడిలోని డబ్బా పొయ్యిమీంచి దించినట్టే ఉంది.

తను ఉండే గరివిడిలో, ఫ్యాక్టరీ పొగ కింద, తలకు చున్నీ చుట్టుకుని సుగుణ ఎక్కింది. డబ్బా తన చేతికిచ్చి అంతా చెప్పేశాను. ఆమె దాన్ని ఒడిలో పెట్టుకుంది.

"నా ముక్కే కదన్నా. ఒక్క మాట నన్నడగలేపోనావా?" అంది. డబ్బా మీది మట్టి తుడుస్తూ, "అమ్మ పక్కనెట్టినావు. అదొక్కటీ బాగుంది," అంది.

విజయనగరం స్టేషను నుంచి ఆసుపత్రికి ఆటో అరవై అడుగుతాడు, యాభైకి వస్తాడు. డాక్టరమ్మ మూత తీశారు. మైనం బీటలు వారి, నల్లగా బూజు పట్టి ఉంది. నన్ను తిట్టలేదు. జన్యువులు కణానికి పంపే కబుర్లు చాలా సుకుమారమని, తడి తగిలితే తునకలైపోతాయని, ఇక ఇందులో చదవడానికేమీ మిగల్లేదని చెప్పారు. కాలేయంలోంచి సూదితో కొత్త ముక్క తీస్తే పనికొస్తుంది గానీ నొప్పి ఉంటుంది, బలవంతం లేదు, ఇంటికెళ్లి ఆలోచించుకోమన్నారు.

ఓదార్చడానికి అలవాటుగా సంచిలోంచి పరిశుద్ధ గ్రంథం తీసి తెరవబోయాను. సుగుణ దానిమీద చెయ్యి పెట్టింది.

"నువ్వు సదవకన్నా. ఈ పాలి ఆల్లని సదవనీ."

కాగితం అడిగి సంతకం పెట్టింది. సూదికి గురువారం రమ్మన్నారు. తిరుగు బండిలో డబ్బాను మళ్లీ పాతమంటావా అని అడిగాను. "నీ దగ్గరుంచు. నాతోపాటు పెడుదువుగాని," అంది, బజారుకు వెళ్తూ సంచి అప్పగించినంత మామూలుగా. గరివిడిలో దిగి, వెనక్కి చూడకుండా నడిచిపోయింది.

అందరి చేతుల్లోనూ ఒకే గ్రంథం ఉన్నా నేను ఇరవయ్యేళ్లు ఒక్క పుటనే అరిచి చదివాను. ధూళిలోంచి మనిషిని లేపగలవాడికి ల్యాబు బీరువాలోంచి లేపడం కష్టమా? ఆ ప్రశ్న నాకు రెండేళ్ల కిందట తట్టలేదు. నా అరుపుకు ఇప్పుడు ఆమె ఒళ్లు మరో పోటు భరించాలి.

ఇదే పని మీద బయల్దేరేవాళ్లకు ఒక్క మాట. మైనపు దిమ్మను ఇంటికి తేకండి. ల్యాబులోనే ఉండనిచ్చి, దాని నంబరు మాత్రం రాసుకోండి. తీసుకెళ్లక తప్పని రోజు వస్తే తడీ ఎండా తగలకుండా నేరుగా పట్టుకెళ్లండి. అంతకన్నా ముందు, ఆ ముక్క ఎవరిదో వాళ్లను అడగండి.