మొండయ్య కాకా పాస్ చేసిన ఇల్లు

మొండయ్య కాకా ఎవరింటికి వెళ్లినా, కూర్చోమనేలోపే నేలమీద బోర్లా పడుకుంటాడు. గడ్డం గచ్చుకు ఆనించి, ఒక కన్ను మూసి, గదిని ఈ మూల నుంచి ఆ మూల దాకా చూస్తాడు. తర్వాత లేచి, చొక్కా దులుపుకుని తీర్పు చెబుతాడు.

"ఫెయిలు."

యాభై ఆరేళ్ల మనిషి. సూరత్‌లోని ఉధ్నాలో ముప్ఫై ఏళ్లుగా మరమగ్గాలు నడుపుతున్నాడు. తాగడు, పేకాడడు, ఒకరి జోలికి పోడు. ఆయనకున్న పిచ్చల్లా ఇదొక్కటే. లోకాన్ని కుందేలు ఎత్తు నుంచి చూస్తాడు.

తోటి మగ్గం పనివాడు పరుశురాం కొడుక్కి పిల్లను చూడటానికి వెళ్లినప్పుడు, వయసులో పెద్దవాడని కాకాను ముందు నడిపించారు. పిల్ల తండ్రి చేతులు జోడించి లేచి నిలబడేసరికి ఎదురుగా ఎవరూ లేరు. పెద్దమనిషి ఆయన కాళ్ల దగ్గర ఉన్నాడు.

"అయ్యో, కండ్లు తిరిగినట్టున్నయి! నీళ్లు తెండ్రి!"

"నీళ్లు అటెంక తాగుత బావా. మీ ఫ్రిజ్ వైరు కిందనే ఏలాడుతున్నది. కుందేలుకు ఒక్క కొరుకుడు పని."

"మా ఇంట్ల కుందేలు లేదు గదా!"

"రేపొస్తె?"

సిగ్గుతో పరుశురాం తల దించుకున్నాడు. దించితే కాకాయే కనిపించాడు. అయినా సంబంధం కుదిరింది. శుభలేఖ ఇచ్చినప్పుడు కాకా దాన్ని వంచి చూసి, వాసన చూసి, "అట్ట మంచి మందముంది. మెరుగు పుయ్యనియి ఉంటే కుందేలుకు ఇంకో నాలుగియ్యి," అన్నాడు. పరుశురాం ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతాడు. మొదట్లో మాత్రం నవ్వలేదు.

ఇంతకూ ఆ కుందేలు కాకాది కాదు. నా కూతురు సంతోషిది. చెవుల అంచున బంగారు రంగు చార ఉందని దానికి జరీ అని పేరు పెట్టుకుంది. మా గదీ కాకా గదీ ఒకే చాలీ వరస గదుల్లో, ఒకే గోడకు అటూ ఇటూ. కాకా పనిచేసే కార్ఖానాలోనే నా పని కూడా, మగ్గం దిగిన బట్టలో తప్పులు పట్టడం. పగలంతా తప్పులు పట్టి ఇంటికొస్తే, జరీ నాకు ఓవర్‌టైం సిద్ధం చేసి ఉంచేది. మూడు చార్జర్లు, ఒక జత చెప్పులు, నా భార్య కరుణ చీర కొంగు, ఆధార్ కార్డులో నా గడ్డం.

ఈ జూన్‌లో మా అత్తకు తుంటి ఎముక విరిగింది. చూసుకునేవాళ్లు లేక, కరుణ పిల్లను తీసుకుని కోరుట్ల దగ్గర వాళ్ల ఊరికి వెళ్లింది. ఈ ఏడు చదువు అక్కడే. వెళ్లేటప్పుడు సంతోషి జరీని నా ఒళ్లో పెట్టి, దాని తల నిమిరి, నా తల కూడా నిమిరి బస్సెక్కింది.

పది రోజులకు జరీ గ్యాస్ పైపు కొరికింది. వాసన పసిగట్టి బండ కట్టేసి, కిటికీలు తెరిచాను. కోపంతో జరీని అట్టపెట్టెలో పెట్టి, పక్షులూ కుందేళ్లూ అమ్మే దుకాణంలో ఇచ్చేద్దామని గడప దాటాను. కాకా ఎదురొచ్చాడు.

"ఏంది గది?"

"దుకాణంల ఇచ్చేస్త కాకా. గ్యాస్ పైపు కొరికింది."

"పైపు యాడున్నది?"

"కిందనే."

"మరి తప్పెవరిది?"

నేను పెట్టె వైపు చూపించాను.

"కుందేలుది తప్పు గాదు. అందేటట్టు పెట్టినోనిది," అని పెట్టె అందుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ రోజే సంతోషికి ఫోన్ చేసి, జరీని కాకాకు ఇచ్చేశానని చెప్పాను. అరవలేదు, ఏడవలేదు. "మంచిది" అంది. అప్పటి నుంచి ఎప్పుడు చేసినా "ఊ", "ఊహూఁ", అంతే. తెలుగూ హిందీ గుజరాతీ కలిపి గంటలు గంటలు వాగే పిల్ల మూడు భాషల్లోనూ నోరు మూసుకుంది. పరీక్షలయ్యాక వచ్చేద్దువు గాని అంటే, తల్లితో చెప్పించింది.

"ఆ ఇంట్ల జరీకి జాగ లేదట గదా. నాకు గూడ వద్దట."

సాయంత్రం ఇంటికొచ్చి తలుపు తీస్తే, కొరికిన వస్తువు ఒక్కటీ ఉండేది కాదు. అన్నీ పెట్టినవి పెట్టిన చోటే. అంత చక్కగా ఉన్న గదిలో నాకు తోచేది కాదు.

గోడకు అవతల మాత్రం సందడిగా ఉండేది. కాకా జరీని చొక్కా లోపల పెట్టుకుని డాక్టర్ అనీష్ దగ్గరకు వెళ్లాడు. కొత్తగా వచ్చిన తెలుగు డాక్టరు.

"నేను మనుషుల డాక్టర్ని పెద్దాయనా."

"నేను మనిషినే గద సార్. నాకే చెప్పుండ్రి. దీని పండ్లకు ఏమైంది?"

అనీష్ నవ్వి, పశువుల డాక్టరైన తన స్నేహితుడికి ఫోన్ కలిపాడు. కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, అరగకపోతే దానికే బాధ, రోజంతా ఎండుగడ్డి ముందుండాలి, జామ కొమ్మలు వెయ్యండి, కొట్టొద్దు, పని లేకపోతే ఇల్లు కొరుకుతుంది అని ఆయన చెప్పాడు.

"సమజైంది. కరెంటు పోయి మగ్గం ఆగితె మావోళ్లు గోర్లు కొరుక్కుంటరు. గట్లనే."

వారం తిరిగేసరికి కాకా గదిలో వస్తువులన్నీ రెండడుగుల పైకి పోయాయి. చెప్పులు, చెంబు, బియ్యం సంచి, చివరికి చీపురు కూడా మేకులకు వేలాడింది. కొత్తగా వచ్చినవాళ్లు ఆ వరస చూసి, తాపీ నదికి వరదొస్తుందేమోనని భయపడేవారు. నూలు చుట్టే అట్టగొట్టాలు కార్ఖానాలో పారేస్తుంటే ఏరి తెచ్చి, వైర్లన్నీ వాటిలో దూర్చాడు. మిగిలినవి జరీకి నమలడానికి. వీధిలో జామచెట్టున్న ప్రతి ఇంటి ముందూ నిలబడి "బా, థోడీ డాళీ" అని కొమ్మలు అడిగేవాడు. ఆ గుజరాతీ ముసలమ్మలు మొదట ఆయన్ను సాధువనుకున్నారు.

దీపావళికి మగ్గాలు ఆగిపోతాయి. మూడు వారాల సెలవు. ముప్ఫై ఏళ్లలో కాకా ఒక్క దీపావళికీ సూరత్‌లో లేడు. నెల ముందే సంచి సర్దేవాడు. ఈసారి ఆ సంచి మేకుకు, రెండడుగుల పైన, ఖాళీగా వేలాడుతోంది. జరీని ఎవరింట్లో వదలాలో తేలలేదు. చాలీలోనే ఉండే సాంబయ్య ఇల్లు ఫెయిలు. బాలవ్వ ఇల్లు ఫెయిలు. బ్రహ్మచారి అన్న ఇంట్లో పడుకుని లేవకముందే ఫెయిలు.

ఊళ్లో ఉన్న కాకా భార్య ఎల్లవ్వ ఫోన్‌లో వేసిన కేక గోడ దాటి నాకు వినబడింది.

"పెండ్లాం కంటె కుందేలు ఎక్కువాయెనా? నేను గూడ చెవులు గుంజి పొడుగు జేసుకోవాల్నా? అప్పుడన్న వస్తవా?"

"గది గాదు ఎల్లవ్వా. ఇంకో పని గూడ ఉన్నది."

"ఏం పని?"

"ఉన్నది."

ఆమె ఫోన్ పెట్టేసింది. నేను చూసేసరికి కాకా వరండాలో కూర్చుని, ఆరిపోయిన ఫోన్‌ను పంచె చెంగుతో తుడుస్తూ ఉన్నాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

తులసికి నీళ్లు పొయ్యమని నా గది తాళం ఆయనకిచ్చి, నేను ఊరెళ్లాను.

సంతోషి నాకు మంచినీళ్లిచ్చి, లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రం ఐదు కాగానే తల్లి ఫోన్ పట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. అక్కడి నుంచి నవ్వు. ఐదు నెలలుగా నేను వినని నవ్వు. బకెట్ పట్టుకుని గోడ చాటున నిలబడ్డాను.

"టీవీ వైరు? పైకి కట్టినవా? కాకా, కూసోని జూస్తె తెల్వదు. నేనూ జరీ ఎట్ల పడుకునేటోళ్లం? గట్ల పడుకో. బరాబర్. ఇప్పుడు ఏం కనబడ్తుంది?"

నన్ను చూసి ఆపేసింది.

"ఎవరు బిడ్డా?"

"మొండయ్య కాకా."

"రోజూ చేస్తడా?"

"ఊ."

అప్పుడు తెలిసింది. ఉధ్నా అంతా నవ్వుకునే ఆ పడుకోవడం పదేళ్ల పిల్ల నేర్పిన పాఠం. మిగిలిన రోజులన్నీ ఐదింటికి నేను బకెట్ పట్టుకుని గోడ చాటుకు వెళ్లాను. మా అత్త కరుణతో, "అల్లునికి నీళ్ల పిచ్చి పట్టింది," అంది.

తిరిగొచ్చి, కార్ఖానాలో మెడ కార్డు చూపి హాజరు వేయించుకుని ఇంటికొస్తే, నా గది తలుపు తెరిచే ఉంది. లోపల చూసి వేరేవాళ్ల గదేమో అనుకున్నాను. వైర్లన్నీ అట్టగొట్టాల్లో గోడ వెంట పైకి పాకాయి. గ్యాస్ బండ చుట్టూ చెక్క కంచె. పైపుకు ఇనుప తీగ అల్లిన తొడుగు. బల్ల కాళ్లకు గొట్టాల జోళ్లు. మూలన గడ్డి గంప, దాని పక్కన జామ కొమ్మలు. గడ్డం లేని నా ఆధార్ కార్డు అద్దాల చట్రంలో గోడకెక్కింది. మంచం కింది నుంచి రెండు పాదాలు బయటికున్నాయి.

"కాకా! ఏంది గిదంతా?"

"ఆగు." పాదాలు కదిలాయి. తర్వాత ఆయన నోటి నుంచి నేనెప్పుడూ వినని మాట వచ్చింది.

"పాస్."

దుమ్ము కొట్టుకున్న గడ్డంతో పాకుతూ బయటికొచ్చాడు.

"పిల్ల కోపం నీ మీద గాదు నరేశ్, గీ ఇంటి మీద. ఇల్లును బాగు జేస్తె సరిపాయె. పరీక్షలు గాంగనె వస్తదట. పాసైనంకనే నీకు చెప్పుమన్నది."

ఆయన తన గదిలోంచి జరీని తెచ్చి గడ్డి దగ్గర వదిలి, మేకుకున్న సంచి దించుకొచ్చి, పంచె మడిచి అందులో కుక్కుతున్నాడు.

"జరీ ఇగ నీ తాననే. రేపటి బండికి నేను పోత. అక్కడ ఎల్లవ్వ చెవులు గుంజుకుంటున్నది."

ఐదైంది. కాకా ఫోన్ మోగింది. ఎత్తకుండా నా చేతిలో పెట్టాడు.

"కాకా?"

"నేను బిడ్డా."

నేను "ఊ" కోసం ఎదురుచూశాను.

"నాన్నా, కింద పడుకో."

పడుకున్నాను. గచ్చు చల్లగా తగిలింది. ఏడేళ్లుగా ఉన్న గదే. అక్కడి నుంచి చూస్తే చాలా పెద్దగా ఉంది.

"ఏం కనబడ్తుంది?"

"ఏం లేదు బిడ్డా. నేల. కాకా కాళ్లు. గడ్డి కాడ జరీ..."

జరీ గడ్డి దగ్గర లేదు. మెడ దగ్గర ఏదో లాగినట్టయింది. టక్కుమని చిన్న చప్పుడు.

"నాన్నా, అదేంది?"

"నా కార్ఖానా కార్డు తాడు. కొరికేసింది."

అటువైపు ఊపిరి బిగబట్టింది. తర్వాత నవ్వింది, గోడ చాటు అక్కర్లేనంత గట్టిగా.

"మరి తప్పెవరిది నాన్నా?"

"అందేటట్టు పడుకున్నోనిది," అన్నాను.