విత్తనాల గుమ్మిలో బాలకృష్ణుడు

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. బళ్లారి వైపు హచ్చొళ్ళి ఊరు దాటాక పొలాల మధ్య ఒంటిగా ఉన్న ఇంట్లో కాపురం చేసినదాన్ని. మా ఆయన పని లేని నెలల్లో సండూరు గనులకు పోయి లారీలకు రాయి ఎత్తేవారు. అప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. దయ్యమంటూ ఉంటే ఒక్కసారైనా పలకరించి పోయేది. నాకూ మాట్లాడే తోడు దొరికేది.

డ్యాము కాలవకు కొత్తగా నీళ్లు వదిలిన రోజులవి. కృష్ణా జిల్లాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని మేమిక్కడికి వచ్చాం. ఆ మొదటి ఏడే నాకు మగపిల్లవాడు పుట్టి, పురుడు వెళ్లకముందే పోయాడు. చూడవచ్చిన వాళ్లంతా ఒకటే మాట. చిన్నదానివి, ఇంకొకడు పుడతాడులే అని. 

మా ఇంటి దేవుళ్లు సొంతూళ్లో పెద్ద బావగారి దగ్గరే ఉండిపోయారు. మనకంటూ ఒక విగ్రహం ఉండాలని మా ఆయన బళ్లారి తీసుకెళ్లారు. ఇత్తడి అంగడిలో వేణువు పట్టుకుని నిలబడ్డ కృష్ణుడు మెరిసిపోతున్నాడు. మా ఆయన అదే తీసుకోమన్నారు. నా కన్ను మాత్రం వెనక వరసలో పాకుతున్న బాలకృష్ణుడి మీద పడింది. ఇంట్లో పెట్టుకునే విగ్రహం బొటనవేలికి మించకూడదని మా అమ్మ చెప్పేది. పక్కన వేలు పెట్టి చూశాను, సరిగ్గా అంతే ఉన్నాడు. కుడిచేతిలో వెన్నముద్ద. ఎడమ మోకాలి దగ్గర చిన్న సొట్ట. సొట్టది వద్దమ్మా, వేరేది ఇస్తానన్నాడు అంగడాయన. నాకు ఇదే కావాలన్నాను. బస్సులో వచ్చినంతసేపూ ఒళ్లోనే పెట్టుకున్నాను.

అది ఆషాఢం. శ్రావణం వచ్చేదాకా దేవుడి గూట్లో నిలపకూడదు. అప్పటిదాకా విగ్రహాన్ని ధాన్యంలో ఉంచాలి. పక్క చేను గౌరమ్మ, ఈ ఊరిదే, వచ్చి చూసి మురిసిపోయింది.

"జొన్నల్లో పెట్టు యమ్మా, కుండ నిండా ఉండాయి కదా. నిలిపేటప్పుడు మాత్రం వాకిలి దిక్కు మొగం పెట్టొద్దు. పాకే బిడ్డ. తలుపు తీసుంటే యాడ నిలుస్తాడు? వంటింటి దిక్కు పెట్టు. నిన్ను చూసుకుంటా కదలకుండా సుమ్నే ఉంటాడు."

జొన్నల్లో దేవుణ్ణి పెట్టడమా అనుకున్నాను. మా వైపు వడ్లే ధాన్యం. తిండికి బియ్యం డబ్బాలో అడుగున ఉన్నాయి. ఇంట్లో వడ్లంటూ ఉన్నది విత్తనాల గుమ్మిలోనే. వెదురుతో అల్లి పేడతో అలికిన గుమ్మి అది. అందులో మోచేతి లోతున దాచాను.

ఆ సంగతి మా ఆయనకు చెప్పేలోపే నాకు జ్వరం వచ్చి తెలివి లేకుండా పడుకున్నాను. వాన పదును చూసి మా ఆయన గుమ్మిలో వడ్లన్నీ సంచులకెత్తి, కాలవలో నానేసి, మొలక రాగానే నారుమడిలో చల్లేశారు. లేచి చూస్తే గుమ్మి ఖాళీ.

ఇద్దరం నారుమడిలో మోకాళ్ల మీద పాకుతూ బురదంతా వేళ్లతో వెతికాం. గౌరమ్మ కూడా దిగింది. దొరకలేదు.

"పోతే పోయిందిలేవే. ఈసారి బళ్లారి పోయినప్పుడు ఇంకోటి తెస్తా," అన్నారు మా ఆయన. పాపం, మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ మాట నేను అంతకుముందే చాలామంది నోట విన్నాను. ఇంకోటి తెస్తే ఈ ఇంట్లో ఉండనన్నాను.

ఏడాదంతా ఖాళీ గూటి ముందే దీపం పెట్టాను. ఆయన ఇంట్లో లేనప్పుడల్లా ఆ గూటితోనే మాట్లాడేదాన్ని. కోతలయ్యాక గుమ్మి దులిపి, లోపలా బయటా అలికి, ఎండబెట్టి, కొత్త విత్తనాలు నా చేతులతోనే పోశాను. పైన మూత పెట్టి పేడమట్టితో మెత్తింది కూడా నేనే. ఇది గట్టిగా చెప్పగలను.

మళ్లీ ఆషాఢం వచ్చేసరికి నావల్ల కాలేదు. పుట్టింట్లో దింపమన్నాను. మళ్లీ వస్తానని చెప్పలేదు, ఆయనా అడగలేదు. పెట్టె సర్దుకుని బయల్దేరుతుంటే ఒక్క మాటన్నారు.

"విత్తనం ఇల్లాలి చేత్తో తీయాలంటారు. పోయేముందు ఆ గుమ్మి తీసిపోవే."

నేను మెత్తిన మట్టి బీట కూడా వారలేదు. పగలగొట్టి వడ్లలో చెయ్యి పెట్టాను. మోచేతి లోతున వేళ్లకు చల్లగా తగిలింది. తీసి చూస్తే బాలకృష్ణుడు. కుడిచేతిలో వెన్నముద్ద, ఎడమ మోకాలికి సొట్ట. ఎక్కడా మట్టి లేదు, చిలుము లేదు.

మా ఆయన కూడా చెయ్యి పెట్టి ఆ చోటున ఉన్న వడ్లు గుప్పెడు పైకి తీశారు. అవి తడిగా ఉన్నాయి, తెల్లటి మొలకలు వచ్చి ఉన్నాయి. తక్కిన వడ్లన్నీ గలగలలాడుతున్నాయి. పైకప్పు కారలేదు. గుమ్మి అడుగు పొడిగానే ఉంది. ఆయన ఆ గుప్పెడు గింజలూ తీసుకెళ్లి నారుమడిలో చల్లి వచ్చారు.

ఆ రోజు నేను బస్సెక్కలేదు.

నన్ను ఆపడానికి ఆయనే ఎక్కడో వెతికి తెచ్చి పెట్టారేమోనని చాలా ఏళ్లు అనుమానపడ్డాను. అట్లా అయితే మూత మీది మట్టి ఎట్లా చెదరలేదో, ఆ మొలకలు ఎట్లా వచ్చాయో తేలదు. అయినా అనుమానం పోలేదు. ఆయన మంచాన పడ్డాక ఒకరోజు అడిగేశాను.

నవ్వారు. "పిచ్చిదానా, ఆ ఉపాయం నాకు తోచి ఉంటే మొదటి నెల్లోనే పెట్టేవాణ్ణి కదే. ఏడాదంతా నువ్వు ఆ ఖాళీ గూటితో మాట్లాడుతుంటే వింటూ కూర్చునేవాణ్ణా?"

నేను ఎవరూ లేరనుకుని మాట్లాడుకున్న మాటలు ఆయన విన్నారని నాకు ఆ రోజే తెలిసింది.

విగ్రహం ఎట్లా వచ్చిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. వంటింటి వైపు మొహం పెట్టి గూట్లోనే ఉన్నాడు. పిల్లలు మళ్లీ పుట్టలేదు. ఆయనా వెళ్లిపోయారు. పెరట్లోకి వెళ్లేటప్పుడు ఇప్పటికీ వాకిలి తలుపు దగ్గరగా వేసే వెళ్తాను.