అమ్మకానికి పోని తెల్ల బంక

కట్టుడు పళ్లు జారుతున్నాయని మా నాన్న నలుగురిలో తినడం మానేశాడు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఈ రోజు భద్రాచలంలో పళ్ల డాక్టరు, పళ్లు కదలకుండా పట్టి ఉంచే పొడి డబ్బా ఒకటి ఇచ్చాడు. తిరిగొచ్చే బస్సులో డబ్బా మీద రాసింది చదివితే, అందులో ఉన్నది మా అడవిలో దొరికే తపసి చెట్టు బంకే!

చిన్నప్పటి నుంచి ఆ బంక ఏరి అమ్మే మా అమ్మ, ఇంటికొచ్చాక ఈ మాట వినగానే డబ్బా పక్కన పెట్టేసింది. మా ఇంట్లో మంచి ధర పలికే తెల్ల బంకంతా అమ్మకానికే, బెరడు అంటుకున్న ఎర్ర ముక్కలే మాకు. అలాంటిది ఈ రోజు తెల్ల ముక్క తీసి దంచింది.

"తెల్లది ఎందుకు తీసినవే? అమ్మేది గదా!" అన్నాడు నాన్న.

"ఎప్పుడూ అమ్ముడేనా? గిది నీ నోటికి," అంది అమ్మ.

ప్రేమ ఎక్కువై కట్టుడు పళ్ల లోపల చెంచాడు పొడి వేసింది. నాన్న పళ్లు పెట్టుకుని చాయ్ తాగాడు. తడి తగిలితే ఆ బంక బాగా ఉబ్బుతుంది. పెదాల చివర్ల నుంచి జిగురు కారుతుంటే, నోరు తెరవలేక, కళ్లతోనే అమ్మను తిట్టాడు. రెండోసారి చిటికెడే వేశాం.

సాయంత్రం నలుగురితో కూర్చుని ఉడికిన పల్లీలు తింటూ, ఈ సంగతే చెప్పి పకపకా నవ్వాడు. చెయ్యి అడ్డం రాలేదు.

ఇన్నేళ్లుగా అమ్మ ఏరిన బంక ఎక్కడెక్కడ ఎవరి నవ్వులను నిలబెట్టిందో! మా ఇంటి వంతు ఈ రోజు వచ్చింది. మీ ఇంట్లోనూ అమ్మకానికే తప్ప వాడుకోనిది ఏమైనా ఉందా?