మా మిద్దె మీది పాచి రాళ్లు

మా పక్కింటి ఆపా పోయిందని సోమవారం పొద్దున ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. పొయ్యి మీద పాలున్నాయి. ముందు అవి దించాను. గ్యాస్ కట్టేశానో లేదోనని రెండుసార్లు చూసుకున్నాను. అప్పుడు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఇక మనిషే లేదు కదా అనిపించింది. ఏ మాటో చెబుతాను.

నేను చదివింది నాలుగో తరగతి. తప్పులు మా మనవరాలు దిద్దుతుంది. ఆపా గురించి అందరూ మంచే చెబుతారు. నేనూ మంచే చెబుతాను, కానీ ఆ ఒక్క సంగతి దాచి చెప్పడం నా వల్ల కాదు.

కార్ఖానా బస్తీలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ ఒకటే గోడ. నేను కాపురానికి వచ్చేసరికి నాకు పదిహేనేళ్లు, ఆమెకు ఇరవై దాటాయి. ముసల్మాన్ల ఇళ్లలో అక్కను పిలిచినట్టు ఆపా అనేదాన్ని. ఆమె భర్త అద్దాలు కోసి పటాలు కట్టేవాడు. మిగిలిన అద్దాలతో, ఇనుప చట్రంలో, ఒక నీళ్ల తొట్టి చేశాడు. అందులో ఆరు వాగు చేపలు. వేలెడంత ఉండేవి, బూడిద రంగు. రాళ్లకు నోరు ఆనించి పాచి నాకి బతికేవి. చూడ్డానికి అందమేమీ లేదు. ఆపాకు మాత్రం వాటి మీదే ప్రాణం.

మొదటిసారి ఆమె పుట్టింటికి పోతూ తొట్టి నాకు అప్పజెప్పింది. అద్దాలకు పచ్చగా పాచి పట్టి ఉంటే నాకు మనసాగలేదు. కొబ్బరి పీచుతో నాలుగు పక్కలా తళతళలాడేట్టు తోమాను. రాళ్లు కూడా తోమాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

“ఏందే చెల్లె, గిట్ల చేసినవ్?”

“గలీజుగున్నదని కడిగిన ఆపా.”

“వాళ్ల అన్నం పారబోసి కంచం కడిగినవ్ పో! ఇగ నువ్వే కూసొని తినిపియ్యి.”

తిట్టిందో నవ్విందో తెలియలేదు. ఆ పూటే సొరకాయ ముక్క మెత్తగా ఉడికించి, గులకరాయికి దారంతో కట్టి నీళ్లలో దించడం నేర్పింది. మిగిలిన ముక్క సాయంత్రానికి తీసేయాలి, లేకపోతే నీళ్లు వాసన కొడతాయి. నీళ్లన్నీ ఒకేసారి మార్చకూడదు. మూడో వంతు తీసి, ఒక రోజు నిలవ ఉన్న బావి నీళ్లు పోయాలి. పారే నీళ్లలో పెరిగినవి కనుక పొద్దునా సాయంత్రం తొట్టి నీళ్లే చెంబుతో ముంచి పైనుంచి ధారగా వదలాలి. “నీళ్లకు జెర గాలి తగలాలె చెల్లె, మనకు తగిలినట్లు” అనేది. ఆ ధార చప్పుడు గోడ ఇవతల నాకు వినిపించేది.

వాళ్ల ఇంట్లోకి ఎండ రాదు. ఎండ లేనిదే పాచి పెరగదు. అందుకని మా మిద్దె మీద రెండు వెడల్పాటి మట్టి తొట్లలో నీళ్లు పోసి గుండ్రాళ్లు పెట్టేవాళ్లం. పాచి పట్టినవి ఆమె ఇంటికి, చేపలు నాకేసినవి మా మిద్దెకి. వారానికోసారి నేనే మోసేదాన్ని. పిల్లి ఆ నీళ్లు తాగుతుందేమో, రాయి దొర్లి కింద పోయేవాళ్ల నెత్తిన పడుతుందేమో అని ఒకటే బెంగ.

“నీ పరేషాన్ చూసి చేపలు సుత పరేషాన్ అయితున్నయ్” అని వెక్కిరించేది ఆపా. అయినా ఆమె పక్కన కూర్చుంటేనే నా గుండె దడ తగ్గేది. అంత నమ్మకం నాకు ఆమె మీద.

అంతలో పోలీస్ యాక్షన్ వచ్చింది. బొల్లారం వైపు నుంచి లారీల చప్పుడు. నిజాం రాజ్యం పోయిందన్నారు. నాలుగైదు రోజులకు మా గల్లీలో రజాకార్ల కోసం మిలిట్రీ సోదాలు మొదలయ్యాయి; ముసల్మాన్ల ఇళ్లలో మగవాళ్లు కనిపిస్తే తీసుకుపోతున్నారని విన్నాం. మిద్దె ఎక్కినవాళ్లకు మా రాళ్లు కనిపించాయి. వాళ్లలో తెలుగు తెలిసినతను మా ఆయనను అడిగాడు.

“ఎవరి మీద ఎయ్యనీకి పెట్టిన్రు ఇవి?”

“చేపల కోసం సాబ్.”

“చేపలు రాళ్లు తింటయా?”

“రాళ్ల మీది పాచి తింటయ్. పక్కింట్ల ఉన్నయ్, చూడున్రి.”

వాళ్లు పగలబడి నవ్వారు. అతను మాత్రం ఆపా గుమ్మం దాకా పోయాడు. వెనకాలే నేనూ పోయాను. ఆడవాళ్లున్నారని అతను లోపలికి పోకుండా బయటి నుంచే అడిగాడు. పరదా వెనక నుంచి ఆపా గొంతు వచ్చింది.

“చేపలా? మా ఇంట్ల చేపలు ఏడివి భయ్యా?”

నేను నిలబడ్డ పక్క నుంచి పరదా సందులో లోపల కనిపించింది. తొట్టి మీద బొంత కప్పి ఉంది. దాని పక్కన ఆమె భర్త గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు. అరుద్దామనుకున్నాను. ఆపా భర్త ముఖం చూసి ఆగిపోయాను.

మా ఆయనను తీసుకుపోయారు. మూడు రోజులు ఎక్కడున్నాడో తెలియలేదు. ఆ మూడు రోజులూ, చేపలు లేవన్న ఆ ఇంట్లో నుంచి, పొద్దునా సాయంత్రం నీళ్ల ధార వినిపిస్తూనే ఉంది. ఇంకా చెప్పడానికి సిగ్గేసేది ఒకటుంది. మిద్దె మీది రాళ్లన్నీ వాళ్లు పారేశారు కదా, ఇప్పుడు ఆ చేపలు ఏం తింటాయో అని నాకు బెంగ పుట్టింది. నా మొగుడు తిన్నాడో లేదో తెలియని రోజున!

నాలుగో రోజు ఆయన నడిచి వచ్చాడు. కన్నుమూసేదాకా, తలుపు ఎవరు కొట్టినా లేచి పెరట్లోకి వెళ్లి నిలబడేవాడు.

వారం తర్వాత ఆపా కిచిడీ గిన్నెతో వచ్చింది. “చేపలు మంచిగనే ఉన్నయ్ చెల్లె, ఒక్కటి సుత పోలే” అంది. అంతే. నేను గిన్నె అందుకున్నాను. ఏడాదికి మళ్లీ రాళ్లు కూడా మోశాను. నా మొదటి కాన్పుకు రెండు రోజులు నా మంచం పట్టె విడవలేదు ఆమె. పిల్లకు టైఫాయిడ్ వస్తే నాతో పాటు తిండి మానేసింది. అంత చేసిన మనిషి ఆ ఒక్క మాట ఎత్తలేదు. ఆమె ఏ మంచి చేసినా, ఇప్పుడు చెబుతుందేమో, ఇప్పుడన్నా చెబుతుందేమో అని ఆమె నోటి వంక చూసేదాన్ని.

పోయిన నెల ఏ.ఎస్. రావు నగర్‌లో ఆమె కూతురింటికి పోయాను. ఇద్దరమే ఉన్నాం. నేను కాలు జారి పడతానేమో, మాట పడిపోతుందేమో, అడక్కుండానే పోతానేమో అనే భయంతో అడిగేశాను.

“ఆ దినం ఎందుకట్లన్నవ్ ఆపా?”

ఏ దినమని ఆమె అడగలేదు.

“నాకు ఆ ఒక్క మనిషే ఉన్నడు చెల్లె. మళ్ల అడిగినా గట్లనే అంట.”

“నాకు సుత ఒక్కడేనాయె.”

“ఎరికే. ఎరికుండే గట్లన్న.”

చాయ్ ముట్టకుండా లేచి వచ్చేశాను. మళ్లీ పోలేదు.

సోమవారం నాడు ఆ కూతురి ఇల్లంతా ఆడవాళ్లు. నన్ను చూసి ఇద్దరు జరిగి ఆపా తల దగ్గర చోటిచ్చారు. సొంత చెల్లెలి కంటే ఎక్కువని ఎవరో పక్కామెకు చెబుతున్నారు. కూతురు వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“ఆఖరుకు మాతోని ఏం మాట్లాడలే చిన్నమ్మా. నీకేమన్న చెప్పిందా?”

అందరూ నా వైపే చూశారు.

“చెప్పింది బిడ్డా” అన్నాను.

ఏం చెప్పిందని ఆ పిల్ల అడగలేదు. ఆ ఒక్క మాటే చాలన్నట్టు నా భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. నా భుజం లాగుతోంది. కదిలితే లేచి అడుగుతుందేమోనని అలాగే కూర్చున్నాను.