క్యారియర్ మీద అవ్వ

పంతొమ్మిది వందల అరవైల్లో నేను రాజమండ్రి నుంచి వెళ్లి కోస్గి చుట్టుపక్కల ఊళ్లలో నర్సుగా పనిచేశాను. మందుల పెట్టె కదలకుండా ఉండాలని సైకిల్‌కు వెడల్పాటి క్యారియర్‌ నేనే ఎంచి బిగించుకున్నాను. జనం నవ్వుతారేమోనని ఊళ్లోకి రాగానే దిగి నడిపించుకుంటూ వెళ్లేదాన్ని.

ఒకరోజు దారిలో కాలు బెణికి కూర్చున్న ఒక అవ్వ కనిపించింది. పెట్టెను హ్యాండిల్‌కు తగిలించి, ఆమెను క్యారియర్ మీద ఎక్కించుకున్నాను. ఊరి దగ్గర పక్కదారి పట్టబోతే నా భుజం తట్టింది.

"గటెందుకు బిడ్డా? బజార్లకెళ్లి పోనియ్. ఆడబిడ్డ సైకిల్ తొక్కుతాంటె అందరు సూడొద్దా?"

బజారులో అరుగుల మీది మగవాళ్లు లేచి చూశారు. "జర జరుగుండ్రి, మా నర్సమ్మ వస్తాంది!" అని అవ్వ కేకేసింది. సిగ్గుపడతాననుకున్నాను, కానీ గర్వంగా అనిపించింది.

ఆమె ఇంటి ముందు ఆపి, "దిగండి మామ్మగారూ" అన్నాను.

"ఇంకొక్కపారి తిప్పు బిడ్డా. గా వాడకట్టోళ్లు సూడలే" అంది.

గంట కొట్టుకుంటూ మళ్లీ తిప్పాను.