నా పీట మీద మరమనిషి

ఆ రోజుల్లో మా ఇంట్లో వస్తువులకు ప్రాణం ఉందా లేదా అని ఎవరూ అడిగేవారు కాదు. మా అమ్మ రాగులు పోసుకుని తిరగలి ముందు కూర్చుంటే దానితో మాట్లాడుతూనే విసిరేది. "ఇదిగో, ఈయేళ సోళ్ళు ఎక్కువున్నాయి, మొరాయించకు" అనేది. అది మొరాయించేది కాదు. చేటకు గానీ, కొలత కుంచానికి గానీ కాలు తగిలితే వంగి వేళ్ళతో తాకి కళ్ళకద్దుకోవాలి, లేకపోతే వీపు మీద ఒకటి పడేది. వాటికి ప్రాణం ఉందని కాదు, ఒకసారి కొన్న వస్తువు మనవల కాలం దాకా పనిచేయాలి గనక. నేను బడికి వెళ్ళింది కొద్దికాలమే (పలక మీద గీతలు పడేలోపే నన్ను కిరాణా కొట్లో పొట్లాలు కట్టడానికి కూర్చోబెట్టారు), కానీ ఈ కళ్ళకద్దుకునే చదువు మాత్రం గట్టిగా వంటబట్టింది. దాని మూలాన్నే ఒకసారి నా పరువు పోయింది. అది నా చిన్ననాటి ముచ్చట అంటే మీరు నవ్వుతారు, అప్పటికి నాకు బడికెళ్ళే మనవరాలు ఉంది. కానీ ఆ వేసవిలో నేను చేసిన పనులు ఆ మనవరాలు కూడా చేయదు. అందుకని దాన్ని నా చిన్నతనంలోనే జమ వేసుకున్నాను.

మా ఇల్లు ఆమదాలవలసలో స్టేషన్ దారిలో. కింద మావాడి ఫ్యాన్ల, మిక్సీల కొట్టు, పైన మేము. కోడలికి శ్రీకాకుళంలో ఉద్యోగం, పొద్దున్న బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు దిగేది. ఈ మధ్యలో మనవరాలు చిట్టి పూర్తిగా నాది. సాయంత్రం నేను పీట వేసుకుని కూర్చుంటే ఒళ్ళో చేరి, కలిపి పెట్టిన ముద్దలు తింటూ రోజూ ఒకటే కథ అడిగేది. చిన్నప్పుడు శ్రీముఖలింగం శివరాత్రి జాతరలో నేను తప్పిపోతే, గాజులమ్మే ఆవిడ తన బుట్ట పక్కన కూర్చోబెట్టుకున్న కథ. "ఆవిడ నీకేటిచ్చింది నానమ్మా?" అని తెలిసి కూడా అడిగేది. "ఇరిగిపోయిన గాజులిచ్చింది. మంచివిచ్చేస్తే ఆవిడేటి తింటాది మరి?" అనేదాన్ని. అక్కడ ప్రతిసారీ పకపకా నవ్వేది. ఆ తెరిచిన నోట్లో ఇంకో ముద్ద పెట్టేసేదాన్ని. ఇద్దరికీ లాభమే.

ఆ వేసవి సెలవుల్లో మావాడు గోడంత టీవీ తెచ్చి తగిలించాడు. దాంట్లో బొమ్మల సినిమాలు, ఆ సినిమాల నిండా రోబోలు. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. ఎవరో పారేసిన రోబో చెత్తలో ఒక పిల్లకు దొరుకుతుంది. దానికి నవ్వడం రాదు, ఏడవడం రాదు. మెడ ఒక పక్కకు వాల్చి, గుండ్రటి నీలం కళ్ళు ఆర్పి వెలిగించి, "స్నేహం అంటే ఏమిటి?" అని అడుగుతుంది. అంతే, దానికి మనసుందా లేదా అని ఊరంతా తర్జనభర్జన. ఆఖరికి ఆ పిల్లను ఏ వరదలోంచో కాపాడుతుంది, నీళ్ళలో తడిసి దాని కళ్ళు మాత్రం ఆరిపోతాయి. (కంగారు పడక్కర్లేదు, మళ్ళీ వెలుగుతాయి. నేను చూసినవాటిలో వెలగకుండా ఊరుకున్నది ఒక్కటీ లేదు.) చిట్టి మాత్రం ప్రతిసారీ వెక్కి వెక్కి ఏడ్చేది. నాకు మోకాలు వాచి మంచం ఎక్కినప్పుడు ఇదే పిల్ల కంట్లో తడి చూడలేదు నేను. "నువ్వు లెగకు నానమ్మా, బిస్కట్లు నేను తీసుకుంటాను" అని డబ్బా దింపుకుని పోయింది, అంతే.

నాకు కుళ్ళు పుట్టింది. దాచుకోవడం ఎందుకు, కడుపులో పొయ్యి రాజేసినట్టే ఉంది. ఈ ఇంట్లో వండి, వడ్డించి, ఇంత పిల్లను అంత చేసిన నాకు మనసుందా లేదా అని ఏనాడూ ఎవరూ చర్చ పెట్టలేదు. ఒక రేకు డబ్బా మెడ వాల్చేసరికి ఇంటిల్లిపాదీ ముక్కులు తుడుచుకుంటున్నారు.

"ఆలింట్లో నానమ్మ నేదేటే?" అని అడిగాను.

"ఉండదు నానమ్మా."

"మరి కూడెవలొండుతారు?"

"రోబో వొండుతాది."

అదీ సంగతి. నన్ను తీసేసి దాన్ని పెట్టారన్నమాట.

అక్కడితో ఆగినా బాగుండేది. ఈ సినిమాల్లో ఇంకో రకం కూడా ఉంది. దానికి కాళ్ళూ చేతులూ ఉండవు, గోడలో ఒక ఎర్ర కన్ను, ఒక గొంతు. ఇల్లంతా అదే చూసుకుంటుంది. అక్కర్లేని దీపాలార్పుతుంది, తలుపులు మూస్తుంది, తిండి లెక్కగా పెడుతుంది, ఎవరైనా ఎదురాడితే "ఇదంతా నీ మేలు కోసమే" అంటుంది. సినిమా తీసినవాళ్ళ లెక్కలో అది దుర్మార్గం. నాకైతే ఆ సినిమా మొత్తానికి బుద్ధి ఉన్నది అదొక్కటే అనిపించింది. ఊరుకోక ఆ మాట పైకి అన్నాను. చిట్టి నా వైపు తిరిగి కింది నుంచి పైకి చూసింది.

"నానమ్మా, నువ్వు అచ్చం దాన్లాగే ఉన్నావు. ఫ్యానాపేస్తావు. సామాన్ల గదికి తాళం ఏసేస్తావు. జంతికలు లెక్కెట్టి ఇస్తావు. అడిగితే నీ మంచికేనే గుంటా అంటావు."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావాడైతే ఆ మర్యాద కూడా చేయలేదు. "అమ్మా, నీకు ఎర్ర కన్నొక్కటే తక్కువ" అని పడి పడి నవ్వాడు. "ఈసారి కరెంటు బిల్లొచ్చిన రోజు సూడరా నా కన్ను" అన్నాను. కానీ ఆ మాట గుచ్చుకుంది. ఇంట్లో ఉన్నవాళ్ళకి రెండే వేషాలు ఉన్నాయట, ముద్దొచ్చే రోబో వేషం బయటి నుంచి వచ్చిన దానికి, ఎర్ర కన్ను వేషం నాకు.

నాకు పంతం వచ్చింది. దానికి వచ్చిన విద్య నాకు రాకపోతుందా? మర్నాడు చిట్టి అన్నానికి కూర్చోగానే, కథ మొదలుపెట్టకుండా, మెడ కుడి పక్కకు వాల్చి, కళ్ళు పెద్దవి చేసి, టపటపా ఆర్పి వెలిగించాను. చిట్టి ముద్ద బుగ్గనే పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఏటైంది నానమ్మా, మెడ పట్టేసిందా?"

నేను పట్టు వదల్లేదు. "స్నేహం అంటే ఏటే?" అని, సినిమాలో లాగే సన్నటి గొంతుతో అడిగాను.

"అమ్మా! ఇలగ రా! నానమ్మకి బాగోనేదు!"

అప్పుడే బస్సు దిగొచ్చిన కోడలు పరిగెత్తుకొచ్చి, ఉప్పు వేయించి మూట కట్టి మెడకు కాపడం పెట్టింది. పట్టని మెడకు కాపడం పెట్టించుకోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. నిజం చెబితే ఇంకా నవ్వుతారని నోరు మూసుకుని పెట్టించుకున్నాను. (ఆ ఉప్పు పారేయనివ్వలేదు. కళ్ళాపి వాకిట్లో చీమల బారుకు అడ్డంగా పోయించాను.)

తర్వాతి దెబ్బ ఇంకా పెద్దది. చిట్టి కొట్లోంచి ఫ్యానొచ్చిన అట్టపెట్టె ఒకటి తెచ్చి రోబోను చేసింది. తల ఇంకో చిన్న పెట్టె. కళ్ళకు నేను పచ్చళ్ళ కోసం దాచుకున్న సీసా మూతలు, చేతులకు నేను బస్తాల నుంచి విప్పి ఉండ చుట్టుకున్న పురికొస. అంటే సగం సరుకు నాదే. దానికి టిక్కు అని పేరు పెట్టింది. సాయంత్రం అన్నం పళ్ళెంతో వచ్చి చూద్దును కదా, నా పీట మీద అది కూర్చుని ఉంది.

"దాన్ని దిగమను. నానెక్కడ కూకోవాలి?"

"నువ్వు కింద కూకో నానమ్మా. నీకు అలవాటే. పాపం, దానికి కొత్త."

పాపమట! తడిసినా, కాలినా, నమలకపోయినా మింగకపోయినా దానికి పాపం. ఆ రోజు చిట్టి టీవీ ముందు తానే కలుపుకుని తిన్నది. జాతర కథ అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. పీట ఒక్కటే పోయిందనుకుంటే ఓర్చుకునేదాన్నేమో, నా ఒడి ఖాళీ అయిపోయింది.

ఇక ఆ అట్టపెట్టె అయినా ఉండాలి, నేనైనా ఉండాలి అనుకున్నాను. ఒక పొద్దున చిట్టి కింద కొట్లో ఆడుకుంటూ ఉండగా వీధిలో పాత సామాన్లు కొనే ఆయన కేక వినపడింది. చప్పట్లు కొట్టి పైకి పిలిచాను. ఆయన కాటా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను టిక్కును పీట మీద నుంచి లాగబోతుంటే పురికొస చెయ్యి జారింది, పెట్టె దబ్బున కింద పడింది, నా కాలు దాని తలకు తగిలింది. అప్పుడు నేనేం చేశానో నాకు తెలియదు. చేసేశాక తెలిసింది. వంగి, ఆ అట్టపెట్టె నుదుటిని వేళ్ళతో తాకి, రెండు కళ్ళకూ అద్దుకున్నాను.

తల ఎత్తేసరికి, సామాన్లాయన భుజం పక్క నుంచి చిట్టి మొహం. దాని కళ్ళు సినిమాలో ఆఖర్న వెలిగే కళ్ళకంటే ఎక్కువ వెలుగుతున్నాయి.

"నానమ్మా! నువ్వు టిక్కుకి దండమెట్టినావు! దానికి పాణం ఉన్నాదని నీకూ తెలిసిపోయింది!" అంటూ వచ్చి నడుం పట్టేసుకుంది. "సినిమాలో కూడా ఇంతే నానమ్మా. ఎవలో ఒకలు సారీ సెప్పాకే రోబో లేస్తాది."

సామాన్లాయన ఒక కాలు గుమ్మం లోపల, ఒక కాలు బయట. "ఏటమ్మా, ఏసేమంటావా కాటా మీద?" అన్నాడు. చిట్టి నా చీర పట్టుకునే ఉంది. దాన్ని అమ్మాలని పిలిచానని ఆ క్షణం దాకా ఆ పిల్లకు తోచలేదు. తోస్తే ఏమవుతానో నాకు తోచింది. నిజంగానే ఎర్ర కన్నునైపోతాను.

"ఈ ఇంట్లో పాత సామానం నానొక్కదాన్నే ఉన్నాను బాబూ. పట్టుకెళ్తావేటి?"

"నిన్ను తూసే కాటా నా కాడ నేదమ్మా" అని ఆయన దండం పెట్టాడు.

ఊరికే పిలిచి పంపితే అనుమానం వస్తుందని, ఎప్పటికైనా పనికొస్తాయని అటక మీద దాచుకున్న పగిలిన మిక్సీ జార్లు తీసిచ్చేశాను. అవి కాటా ఎక్కుతుంటే నా ప్రాణం గిలగిలలాడింది. ఆ త్యాగం ఏ సినిమాలోనూ ఎవరూ తీయరు.

సాయంత్రం పీట ఎవరిదన్న తగువు మళ్ళీ వచ్చింది. "అది నీ పీట మీద ఎందుక్కూకోవాలే?" అని నిలదీశాను. చిట్టి గొంతు తగ్గించి చెప్పింది. "దానికి నీ జాతర కత సెప్తన్నాను. రోబోకి ఎవల కత సెప్తే ఆలలాగ అయిపోతాది. నువ్వు కింద మన కొట్టు సూసుకోడానికి ఎల్లిపోయినప్పుడు నాకు ఇంకో నానమ్మ కావాలి కదా."

ఇన్నాళ్ళూ నేను ఎవరి మీద కుళ్ళుకున్నానో అప్పుడు అర్థమైంది. నా మీద నేనే కుళ్ళుకున్నాను. అయినా కుళ్ళు తగ్గలేదు, అది వేరే సంగతి. "అయితే గాజుల కాడ ఏటి సెప్పినావే?" అని పరీక్ష పెట్టాను. "మంచి గాజులిచ్చిందని సెప్పాను." "తప్పు! ఇరిగిపోయినవి! అది తప్పుడు నానమ్మైపోతాది, జరుగు" అని పీట లాక్కుని, చిట్టిని ఒళ్ళో వేసుకుని, టిక్కు కూడా వినేలా మొదటి నుంచి మొదలుపెట్టాను. దానికీ ఒక ముద్ద పెట్టాలంది చిట్టి. ఖాళీ చెయ్యి పెట్టాను. అన్నం ఎందుకు వృథా?

చిట్టి ఇప్పుడు విజయనగరంలో హాస్టల్లో ఉండి చదువుతోంది. అడిగితే చాలు జవాబు చెప్పే యంత్రాలు ఫోన్లోకే వచ్చేశాయి, వాటి గురించే చదువట. టిక్కు మా సామాన్ల గదిలో ఉంది. (తాళం వేసే ఉంచుతాను.) వానాకాలం చెమ్మకు దాని తల ఒక పక్కకు వాలిపోయింది. పప్పు డబ్బా తీయబోయి కాలు తగిలితే ఇప్పటికీ తాకి కళ్ళకద్దుకుంటాను, చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా.

ఆదివారం చిట్టి వీడియో ఫోన్ చేస్తుంది. మొదటి మాట, "టిక్కు ఎలగున్నాది నానమ్మా?"

మొన్న ఇక పట్టలేకపోయాను. "ముందు నన్నడగవేటే? ఇంకా అట్టపెట్టే ఎక్కువా నీకు?"

"నీకు బాగోపోతే నువ్వు సెప్తావు కదా నానమ్మా. పాపం, అది సెప్పనేదు."

చెప్తానట! ఇంత వయసు వచ్చింది, బాగోలేదని నేనెప్పుడు ఎవరికి చెప్పాను? నోటిదాకా వచ్చిన మాట మింగేసి, ఫోన్ ముందు ఊరికే మెడ ఒక పక్కకు వాల్చి, కళ్ళు ఆర్పి వెలిగించాను.

"ఏటైంది నానమ్మా?" అంది చిట్టి, మొహం దగ్గరికి పెట్టి. "మెడ పట్టేసిందా? శనివారం వచ్చేస్తాను, ఉండు."

పట్టేసిందనే చెప్పాను. ఉప్పు మూట మాత్రం సిద్ధం చేసుకోవాలి.